అమ్మవారి గొట్టం

ముందే చెబుతున్నాను. ఈ కథలో నేను కల్పించింది ఆవగింజంత కూడా లేదు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరసింగరావు ముక్కు గురించి విజయనగరంలో ఎవరినడిగినా చెబుతారు. పేలిన తుపాకి గొట్టం దగ్గర ఆ ముక్కు పెట్టాడంటే చాలు. లోపల కాలింది నాటు మందో, సీమ మందో చెప్పేవాడు. ఏ జామున పేలిందో చెప్పేవాడు. పేల్చినవాడు ముందు రోజు తిన్నది ఎండుచేపల పులుసో, పెసరట్టో కూడా చెప్పేవాడని వాళ్ళ జవాను ఒట్టేసి మరీ చెప్పేవాడు.

అంతటి ముక్కు 1967 కార్తీకంలో ఒక మంగళవారం ఉదయం గుమ్మడివలస చేలల్లో జీపు దిగింది.

దిగీ దిగగానే తుమ్మింది.

మంచుకి జలుబు పట్టింది. కర్పూరానికీ కళ్ళాపి నీళ్ళకీ తేడా తెలియని జలుబు. కాబట్టి ముక్కు గొప్ప ఇంతటితో సరి. ఇక మిగిలినవి కళ్ళు.

కళ్ళకు కనబడింది మంచిది కాదు.

కొత్తవలస నుంచి కొండల వైపు పోయే మట్టిదారి చివర ఉంది ఆ ఊరు. కొండ మొదట్లో వేరుశనగ చేను. రాత్రి పందులు తవ్విపోసిన మట్టి ఇంకా తడిగానే ఉంది. చేను మధ్య వెదురు మంచె. మంచె కింద గోనెపట్టా. దానిమీద వెల్లకిలా జగన్నాధం.

నలభై అయిదేళ్ళ రైతు. ఊళ్ళో లైసెన్సు తుపాకి ఉన్న ఒకే ఒక్క మనిషి. ఛాతీలో పిడికెడు గుంట. కుడి అరచెయ్యి ఛిద్రమైపోయింది. పక్కనే తాతల నాటి జోడు గొట్టాల తుపాకి.

గట్ల మీద ఊరంతా నిలబడి ఉంది. ఒక్కరూ ఏడవడం లేదు. తుపాకి వైపు మాత్రం చూస్తున్నారు. పాముని చూసినట్టు చూస్తున్నారు.

"ఏక్సిడెంటే సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ఎల్లాజీ. "రాత్రంతా మంచె మీద పందుల్ని కాసేడు. ఒక్కటే తూటా పేల్చేడట. తెల్లారగట్ల కిందకి దిగి పడుకున్నాడు. లేచి, మంచె మీదున్న తుపాకిని గొట్టం పట్టుకుని లాక్కున్నాడు. వెదురుముక్క ట్రిగ్గరుకి తగిలింది. ఢాం! అందుకే చెయ్యి కూడా పోయింది."

నరసింగరావు ఆ అరచేతిని చాలాసేపు చూశాడు. జేబురుమాలు తీసి దానిమీద కప్పాడు.

తరవాత తుపాకి తీశాడు. మడిచాడు.

గొట్టాల వెనకవైపు తెరుచుకుంది. కుడి గొట్టంలో పేలిన తూటా ఉంది. ఎరుపు కాగితం తూటా. ఎడమ గొట్టం ఖాళీ.

గట్ల మీద గుసగుస పుట్టింది. గాలికి తాటాకులు కదిలినట్టు ఒక చివర నుంచి ఇంకో చివరకి పాకింది. ఒక ముసలమ్మ చెంపలు వేసుకుంది.

"ఏమిటి? ఏముంది?"

ముసలమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నరసింగరావు తూటాని వేళ్ళతో లాగి తిప్పాడు. తూటా వెనక మధ్యలో ఇత్తడి క్యాపు ఉంటుంది. పిన్ను వచ్చి దాన్ని కొడితేనే లోపలి మందు అంటుకుంటుంది. కొట్టినచోట చిన్న గుంట పడుతుంది.

ఒక దెబ్బకి ఒక గుంట.

ఈ క్యాపు మీద రెండు గుంటలున్నాయి. ఒకటి నడిమధ్యన, లోతుగా. ఇంకొకటి అంచుకి జరిగి, గోటితో నొక్కినంత.

తూటా ఎర్ర కాగితం మీద పసుపుపచ్చని చార కూడా ఉంది.

నరసింగరావు తుమ్మాడు. తూటాని జేబులో వేసుకున్నాడు.

"ఎల్లాజీ, ఏక్సిడెంటని ఎక్కడైనా రాశావా?"

"ఇంకా లేద్సార్."

"రాయకు."

* * *

ఊరి మొగలో ఎద్దులు విప్పిన బండి ఉంది. బండి చక్రానికి ఒక మనిషిని కట్టేశారు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. పక్కన ఒక ఆడమనిషి నేలమీద చతికిలబడి ఉంది.

"ఎవడ్రా కట్టమన్నది?"

"నానే బాబూ," అంటూ ముందుకొచ్చాడు మునసబు జోగయ్య. "ఈడు కమ్మరి ఎర్రన్న. ఆ తుపాకికి మందు నింపినోడు ఈడే, బాగుసేసినోడు ఈడే. నిన్న సందేళ జగన్నాధంతో ఏటన్నాడో ఊరంతా ఇన్నాది. ఈయేళ శవం కాడికి ముందు సేరినోడూ ఈడే. తవఁరు తీసుకుపోయి ఉరేయించండి. నేదంటే మాకొదిలీండి."

చివరి మాట మెల్లిగా అన్నాడు. అందుకే నరసింగరావు అతని వెనక్కి చూశాడు. జోగయ్య వెనక నిలబడ్డ నలుగురి చేతుల్లోనూ కర్రలున్నాయి.

"ఏమన్నావురా నిన్న?"

"ఈ తుపాకి ఏదో ఒకనాడు నిన్నే తినేస్తాది బాబూ అన్నాను," అన్నాడు ఎర్రన్న.

"ఎందుకన్నావు?"

"మడత వొదులైపోనాది బాబూ. మూసినాక కూడా కాయితం దూరినంత సందుంటన్నాది. రెండ్రోజులు నా కాడ వొదిలీమన్నాను. పందులొస్తన్నాయి, ఇప్పుడు కుదర్దన్నాడు."

"పొద్దున్నే చేనుకెందుకెళ్ళావు?"

"తూటాలు తీసుకెల్లినాను. మంచుకి కాయితం తూటాలు ఉబ్బిపోతాయి బాబూ, గొట్టంలోకి దిగవు. పొయ్యి కాడ సేటలో పోసి ఎచ్చబెట్టి అట్టుకెల్లినాను. ఎల్లీసరికి..."

తూటాలు ఉబ్బుతాయన్నది నిజమేనని నరసింగరావుకి తెలుసు. ఆయన కూడా ఇంట్లో తూటాలు నింపుకునేవాడే. మందు కొలిచే చెంచా ఒకసారి వంటింటి పోపులపెట్టెలోకి చేరి, ఆయన భార్య పద్మకుమారి తుపాకీని నూతిలో పారేస్తానని వీధి వీధంతా వినేలా ప్రకటించింది.

"ఎడమ గొట్టం సంగతేమిటి?"

ఎర్రన్న తల దించుకున్నాడు. నేలమీది ఆడమనిషి తలెత్తింది. ఎర్రన్న పెళ్ళాం దాలమ్మ.

"ఆ గొట్టం అమ్మోరిది బాబూ. యేటా ఏసంకాలం అసిరితల్లి పండక్కి నా మావ దాన్లో పసుపూ నూనే రాసి, పసుపుగుడ్డ కుక్కీసి, దణ్ణమెట్టి మూసేస్తాడు. మళ్ళీ యేటిదాకా ఆ గుడ్డ ఎవులూ తియ్యరు. ఆ గొట్టంలో తూటా ఎయ్యరు. ఏసినోడు బతకడు."

"ఆ గుడ్డ ఈయేళ నేదు," అన్నాడు జోగయ్య. "తవఁరు తుపాకి మడిసినప్పుడు ఊరంతా సూసినాది. తీసినోడు ఊరికి సావు తెచ్చినాడు. దాన్ని ముట్టే దైర్యం ఈడి సేతికి తప్ప ఇంకెవుడికీ నేదు."

నరసింగరావు ఎర్రన్న దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "నాకు ఒక్కడికే చెప్పు. ఆ గొట్టం అమ్మవారికి ఎందుకిచ్చారు?"

ఎర్రన్న అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఎడంపక్క స్ప్రింగు జగన్నాధంబాబు తాత, పెదబాబు కాలంలోనే సచ్చిపోనాది బాబూ. దెబ్బ ఆనదు. బాగుసేసేవోడు నేక, అమ్మోరికి ఇచ్చీసినారు. మా అయ్య సెప్పినాడు నాకు."

పనికిరాని దూడని దేవుడికి వదలడం మనవాళ్ళకి కొత్త కాదు కదా. ఇక్కడ గొట్టాన్ని వదిలారు. రెండు తరాలు తిరిగేసరికి ఊరు స్ప్రింగు సంగతి మరిచిపోయింది. భయం ఒక్కటే మిగిలింది.

నరసింగరావు లేచి తుమ్మాడు. రెండుసార్లు.

జోగయ్య కనికరించి పెరట్లోంచి నిమ్మకాయ తెప్పించాడు. "ఏన్నీళ్ళల్లో పిండుకుని తాగండి బాబూ."

"సాయంత్రంలోగా తేలుస్తాను. అంతవరకూ వీడి మీద చెయ్యి పడితే మునసబు గిరీ ఉండదు, జోగయ్యా."

"సాయింత్రందాకా ఆగుతాం," అన్నాడు జోగయ్య. ఆ తరవాత ఏమిటన్నది చెప్పలేదు.

* * *

జగన్నాధం ఇంటి వాకిట్లో బావమరిది లక్ష్ముడు ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, బుగ్గన కిళ్ళీ. పట్నం మాట.

"రండి సార్. ఆయన నాకు బావ కాదు, తండ్రి."

"ఎప్పుడొచ్చావు ఈ ఊరు?"

"శ్రావణంలో సార్. రైల్వే లైను పనుల్లో మేస్త్రీగా ఉన్నాను. అక్క దగ్గరే మకాం."

"తెల్లవారుజామున ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే. నిద్ర."

"ఎవరు చూశారు?"

"నిద్రపోయేవాణ్ణి ఎవరు చూస్తారు సార్!"

"తుపాకి ఎప్పుడైనా ముట్టుకున్నావా?"

"అమ్మో. తుపాకంటే నాకు వణుకు సార్."

గుమ్మం పక్కన జగన్నాధం భార్య తాయారు కూర్చుని ఉంది. తమ్ముడు మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఒక్కసారి కూడా అతని వైపు చూడలేదు.

దండెం మీద పంచె ఆరుతోంది. బొడ్డు దగ్గర దోపుకునే చోట అరచేతి మేర ఎర్రటి మరక.

"ఈ పంచె నీదేనా?"

"నాదే. శవాన్ని ముట్టాం కదా, స్నానం చేసి సబ్బు పెట్టి ఉతికేశాను."

"ఆ ఎరుపు?"

"కిళ్ళీ సార్! పొట్లం బొడ్లో దోపుకుంటాను," అని నవ్వాడు లక్ష్ముడు. పళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

నరసింగరావు పంచె అంచు పట్టుకుని వాసన చూశాడు. అలవాటు మరి. ఏ వాసనా తెలియలేదు. వేడినీళ్ళు అడిగాడు. నిమ్మకాయ కోసి ఒక చెక్క నీళ్ళలో పిండాడు. రెండో చెక్క పిండబోతూ ఆగిపోయాడు.

దానివైపు చూశాడు. పంచె వైపు చూశాడు.

మిగిలిన చెక్కని జాగ్రత్తగా ఆకులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

* * *

మూడు గంటలకి అదే వాకిట్లో ఊరిని కూర్చోబెట్టాడు. కొండమీద మబ్బు దిగింది. పగటిపూటే చీకటి కమ్మింది. ఎర్రన్నని కట్లతోనే తెచ్చారు. కర్రలు కూడా వచ్చాయి. ఉదయం నాలుగున్నవి ఇప్పుడు పదిహేనైనా ఉంటాయి.

నరసింగరావు తుపాకి మడిచాడు. జేబులోంచి మందు లేని ఉత్త తూటా తీశాడు. వెనక క్యాపు మాత్రం కొత్తది. దాన్ని ఎడమ గొట్టంలో వేశాడు.

"బాబూ!" అని అరిచాడు జోగయ్య. జనం గోడదాకా వెనక్కి జరిగారు. దాలమ్మ కళ్ళు మూసుకుంది.

నరసింగరావు ట్రిగ్గరు నొక్కాడు.

టక్.

అంతే. పిట్ట కూడా ఎగరలేదు. తూటా బయటికి తీసి జోగయ్య అరచేతిలో పెట్టాడు. అంచుకి జరిగి, గోటితో నొక్కినంత గుంట. పక్కనే ఉదయం దొరికిన తూటా పెట్టాడు.

"చూడు. ఉదయం తూటాకి రెండు గుంటలున్నాయి. అందులో చిన్నది ఈ గుంటే. అంటే ఆ తూటా ముందు ఎడమ గొట్టంలో పడింది. టక్ మంది, పేలలేదు. పట్టుకున్నవాడు తుపాకి మడిచాడు. తూటా తీశాడు. కుడి గొట్టంలోకి మార్చాడు. మళ్ళీ నొక్కాడు. వెదురుముక్క ఒకసారి తగులుతుంది జోగయ్యా. తూటా మార్చి రెండోసారి తగలదు."

జోగయ్య రెండు తూటాలనీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"పాత క్యాపేమో సార్," అన్నాడు లక్ష్ముడు. "పేలిన క్యాపుల సొట్టలు తీసి, అగ్గిపుల్లల మందు పెట్టి మళ్ళీ వేస్తాడట కదా ఎర్రన్న."

"నున్నగా సాపు సెయ్యకుండా ఎయ్యను బాబూ," అన్నాడు ఎర్రన్న. "అమ్మోరి మీద ఒట్టు."

నరసింగరావు లక్ష్ముడి వైపు తిరిగాడు. "తుపాకంటే వణుకన్నావు. క్యాపుల సంగతి బాగానే తెలుసే!"

లక్ష్ముడు కిళ్ళీ నమలడం ఆపేశాడు.

"తూటా మీద ఈ పసుపు చార చూశారా? కుడి గొట్టం లోపలంతా మసి. పసుపున్నది ఎడమ గొట్టంలోనే. ఇప్పుడు చెప్పండి. మీ ఊళ్ళో ఎవరైనా అమ్మవారి గొట్టంలో తూటా వేస్తారా?"

"సచ్చినా ఎయ్యం," అన్నాడు జోగయ్య.

"భయంతో మీరెవరూ వెయ్యరు. స్ప్రింగు పోయిందని తెలుసు కాబట్టి ఎర్రన్న వెయ్యడు. చంపదలుచుకున్నవాడు పేలని గొట్టంలో తూటా ఎందుకు పెడతాడయ్యా? మరి ఎవడు పెడతాడు? వేసవిలో అమ్మవారి పండగ చూడనివాడు. శ్రావణంలో వచ్చినవాడు. మడిచి చూస్తే ఒక గొట్టం ఉత్తది, రెండోదానికి శుభ్రంగా గుడ్డ కుక్కి ఉంది. మూత పెట్టిన కుండలోనే పాలుంటాయనుకున్నాడు. గుడ్డ పీకి బొడ్లో దోపుకున్నాడు, మంచె మీద మిగిలిన తూటా ఆ గొట్టంలో వేశాడు."

"ఇదన్యాయం సార్! నా దగ్గర ఏ గుడ్డా లేదు!"

"గుడ్డ అక్కర్లేదు. ఆ పంచె పట్రా ఎల్లాజీ."

పంచె వచ్చింది. ఎర్ర మరక అందరికీ కనబడేలా పట్టుకున్నాడు ఎల్లాజీ.

"మొన్నామధ్య నా వేలు తెగితే మా ఆవిడ పసుపు అద్దింది. చొక్కాకి అంటింది. సబ్బు పెట్టి ఉతికితే నెత్తుటి మరకలా ఎర్రబారింది. హంతకుణ్ణి చూసినట్టు నేనే హడలిపోయాను. మా ఆవిడ పడీ పడీ నవ్వి, నిమ్మచెక్క తెచ్చింది."

ఆకు విప్పాడు. మిగిలిన నిమ్మచెక్క తీశాడు. మరక మీద పిండాడు.

ఆడవాళ్ళంతా ముందుకి వంగారు. వాళ్ళకి తెలుసు. వాళ్ళు ఎదురుచూస్తున్నారు.

రసం పడినచోటల్లా ఎరుపు విరిగింది. చూస్తూండగానే పసుపుపచ్చగా తిరిగింది.

"కిళ్ళీ అయితే ఎర్రగానే ఉండేది," అన్నాడు నరసింగరావు.

"అమ్మోరి పసుపు!" దాలమ్మ కేక కొండకి తగిలి తిరిగొచ్చింది.

కర్రలు లేచాయి. ఎల్లాజీ, ఇద్దరు జవాన్లు లక్ష్ముడి చుట్టూ నిలబడ్డారు. అప్పుడు గుమ్మం పక్కనుంచి తాయారు లేచింది. అందరూ ఆగిపోయారు.

"గడ్డిమేటు ఇప్పి సూడండి బాబూ," అంది. "రైలోళ్ళ రాగితీగ. నిన్న నా పెనిమిటి కళ్ళపడినాది. రేపు నీ సేతే మోయించి టేసన్లో ఒప్పసెప్పిస్తానని ఈడితో అన్నాడు. ఆడు నా తమ్ముడు. నా సేత్తో పెంచినాను. అందుకే పొద్దుట్నుంచి నోరు కట్టేసుకున్నాను. ఎర్రన్న పెళ్ళాం వాకిట్లో కూకుని నాకేసే సూస్తన్నాది. ఇంక నావల్ల కాదు."

గడ్డిమేటు విప్పారు. చుట్టలు చుట్టలుగా తీగ. తీగ మధ్యలో పసుపుగుడ్డ.

లక్ష్ముడి పట్నం మాట ఎటుపోయిందో పోయింది.

"మూతెట్టినాది మంచిదనుకున్నానక్కా," అన్నాడు. "టక్కుమన్నాది. ఆగిపోవాల్సింది. సెయ్యి ఆగనేదు."

తాయారు ఆ మాటకి కళ్ళు మూసుకుంది.

ఎర్రన్న కట్లు జోగయ్యే విప్పాడు. విప్పుతున్నంతసేపూ అతని మొహం చూడలేకపోయాడు. దాలమ్మ మునసబుని పక్కకి తోసి, మొగుడి మణికట్లు తన కొంగుతో తుడిచింది. "ఇంక ఈ ఊరికి మందు నువ్వే నింపాల, గొట్టం నువ్వే మూయాల. మా బాగా ఉన్నాదిలే మావా నీ పెద్దరికం," అంది. అందరూ విన్నారు.

జీపు దగ్గరికి తాయారు వచ్చింది.

"బాబూ. ఆయన నిద్దట్లోనే పోనాడా? ఆడ్ని సూసినాడా?"

"నిద్రలోనేనమ్మా," అన్నాడు నరసింగరావు. "ఆయనకేం తెలీదు."

జీపు కదిలింది.

* * *

ఆవగింజంత కూడా కల్పించలేదన్నాను కదా. ముక్కు గొప్ప అంటారా, అది వదిలెయ్యండి. ఒట్టేసిన జవాను మాటకి వాళ్ళ ఇంట్లోనే విలువ లేదు. అలాంటివి లెక్కలోకి రావు.

కావాలని కల్పించింది ఒక్కటే.

తాయారు అడిగినదానికి నరసింగరావు జవాబు చెప్పలేదు. టోపీ చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, జీపెక్కాడు. ఆయన ఆ అరచెయ్యి చూశాడు మరి. నిద్రపోయేవాడు చెయ్యి అడ్డం పెట్టుకోడు. టక్ మన్న చప్పుడుకి జగన్నాధం లేచాడు. బావమరిది తుపాకి మడవడం, తూటా గొట్టం మార్చడం, మళ్ళీ మూయడం అంతా చూశాడు.

"నిద్రలోనేనమ్మా" అన్న మాట నాది.

ఎవరో ఒకరు అనాలి కదా.